ఉసిరి దాచుకున్న తీపి

ఒకప్పుడు ఉసిరికాయ బెల్లం ముక్కలా తియ్యగా ఉండేది. అవును, ఉసిరికాయే. నమ్మకపోతే పొండి, కథ నాకు తెలుసు, మీకు తెలీదు.

ఆ రోజుల్లో ఒక కొండ కింద ఒకే ఒక్క ఉసిరిచెట్టు ఉండేది. కార్తీకమాసం వచ్చిందంటే చాలు, ఊరంతా వనభోజనాలకి దాని కిందికే వచ్చేది. పిల్లలు కోతుల్లా ఎక్కేవాళ్లు. పెద్దలు కాయలు కోసుకోవడానికి బద్ధకించి కొమ్మలకి కొమ్మలే విరిచేవాళ్లు. తిన్న విస్తళ్లు ఎక్కడివక్కడే వదిలేసి, "ఆహా, చెట్టు నీడ ఎంత హాయి" అంటూ వెళ్లిపోయేవాళ్లు.

వంటాయన గవరయ్య రెండాకులు ఎక్కువే చదివాడు. అన్నం ఉడకగానే పొగలు కక్కే గంజిని తిన్నగా చెట్టు మొదట్లోనే వార్చేవాడు. పైగా "చెట్టుకి బలం" అనేవాడు.

"కాళ్లు కాలిపోతున్నాయిరా నాయనా" అని చెట్టు మొత్తుకునేది.

"ఊరుకో ఉసిరక్కా, చెవుల దాకా పులిహోర మెక్కారు. ఇంక నీ మాటేం వినపడుతుంది?" అనేది కొమ్మ మీది ఉడుత.

ఏటా ఇదే తంతు. వేళ్లు మాడి, ఆకులు రాలి, చెట్టు సగం ఎండిపోయింది. ఇంకో కార్తీకం ఇలాగే గడిస్తే బతకనని దానికి భయం పట్టుకుంది. వెనకున్న కొండని పిలిచింది.

"కొండతాతా, నాకు కాసిని ముళ్లు ఇవ్వు."

"రేగు అడిగిందని అన్నీ ఇచ్చేశానే తల్లీ."

"పోనీ, చేదు?"

"వేప మూట గట్టుకుపోయింది. చింత వదిలేసిన పులుపు కాస్త, వగరు కాస్త మిగిలాయి, తీసుకో. నీ తీపి మాత్రం పారెయ్యకు. లోపల దాచుకో. ఎవరికివ్వాలో నీకే తెలుస్తుంది."

మళ్లీ కార్తీకం వచ్చింది, జనమూ వచ్చారు. గవరయ్య మంచి కాయ చూసి కొరికాడు. ఒక కన్ను మూసుకుపోయింది, మూతి చెవి దగ్గరికి పోయింది. అతన్ని చూసి నవ్వినవాళ్లు తామూ కొరికి అలాగే అయ్యారు.

"చెట్టు చెడిపోయింది. కొట్టి పొయ్యిలో పెట్టేద్దాం" అని గవరయ్య గొడ్డలి అందుకున్నాడు. చెట్టు గజగజ వణికింది. ఉడుత కళ్లు మూసుకుంది.

మంచినీళ్ల కుండ పక్కన కూర్చున్న పోలమ్మవ్వ అప్పుడు లేచింది. అందరితోపాటు తనూ ఉసిరికాయ కొరికిందేమో, మూతి ఇంకా వంకరగానే ఉంది. అయినా వెళ్లి చెట్టు మొదలు తడిమి చూసింది. బెరడు నల్లగా మాడిపోయి ఉంది.

"ఒరే గవరయ్యా, నీ కాళ్ల మీద గంజి వారిస్తే నువ్వు తియ్యగా మాట్లాడతావా?" అంది.

గవరయ్య ఎత్తిన గొడ్డలి దించాడు. అవ్వ కుండలోని చల్లటి నీళ్లు చెట్టు మొదట్లో పోసి, మిగిలిన గుక్కెడు తను తాగింది. చెట్టుకి ప్రాణం లేచొచ్చింది. దాచుకున్న తీపిని అవ్వ నోట్లోకి వదిలేసింది.

"ఇదేమిట్రా, నీళ్లలో బెల్లం ఎవరు కలిపారు?" అంది అవ్వ.

అందరూ కుండ మీద పడ్డారు. అది ఖాళీ.

"ఏరు అక్కడుంది. ముందు చెట్టుకి పొయ్యండి, తర్వాత మీరు తాగండి" అని అవ్వ గదిమింది.

గవరయ్య గొడ్డలి పారేసి బిందె ఎత్తుకున్నాడు. ఆ రోజు విస్తళ్లన్నీ అతనే ఏరాడు. గంజి కూడా తనే తాగాడు, చల్లార్చుకుని.

అప్పటినుంచే ఉసిరికాయ కొరకగానే పులుపు, వగరు. పైన గుక్కెడు నీళ్లు తాగితేనే తీపి. చెట్టు మనల్ని క్షమించింది గానీ, గంజి సంగతి ఇంకా మర్చిపోలేదు.