ఓబులమ్మ ఆగిన చోటు

పెన్నేటి ఒడ్డున రహంతుల్లా స్వామి దగ్గరున్న శిష్యుల్లో కాశీంకి తత్వాలు కట్టడం బాగా వచ్చు. వరదలో తమ్ముడు మౌలాలి కొట్టుకుపోయాక చాలా కాలం అతను నోరు తెరవలేదు. తెరిచినప్పుడు తమ్ముడి మీదే తత్వం కట్టాడు.

ఆశ్రమంలో ఒక అలవాటు ఉంది. ఎవరు కొత్త తత్వం కట్టినా బేస్తవారం సాయంత్రం అందరి ముందూ పాడాలి. విన్నవాళ్ళు తమకు తోచింది దాచుకోకుండా చెప్పాలి. స్వామి మాత్రం ఏమీ అనడు. వింటాడంతే.

కాశీం పాడాడు. కొందరు కళ్ళు తుడుచుకున్నారు. శిష్యుల్లో పెద్దదైన ఓబులమ్మ మాత్రం, "అంతా బాగుంది కాశీం. మీ తమ్ముడు యాడుండాడు ఇందులో?" అంది.

ఆ రాత్రి కాశీంకి నిద్ర పట్టలేదు. మర్నాడు మూట కట్టుకుని స్వామి ముందు నిలబడ్డాడు.

"పోతాండా స్వామీ. చచ్చిపోయినోడి పాటలో కూడా తప్పులెతుకుతారా? ఏడుపు నాది. దాన్ని దిద్దేదానికి వీళ్ళెవరు? నాకు మీరొక్కరు చాలు. అప్పుడప్పుడూ వచ్చి మీకు వినిపించి పోతా."

స్వామి సరే అనలేదు, వద్దనలేదు.

"పోయేముందు ఆ పాట ఇంకోసారి పాడు, వింటా."

"నా చేత కాదు స్వామీ."

స్వామి లేచి బయట అరుగు మీదికి నడిచాడు. కాశీం వెనకే వెళ్ళాడు. అక్కడ ఓబులమ్మా, ఇంకో ఇద్దరు శిష్యులూ చెనక్కాయలు వలుస్తున్నారు. స్వామి వాళ్ళ మధ్య కూర్చుని, తనూ కొన్ని కాయలు ముందుకు లాక్కున్నాడు.

"ఓబులమ్మా, నిన్నటి కాశీం పాట నీకేమన్నా గుర్తుండాదా?"

ఆమె కాశీం మొహం చూసి తటపటాయించింది. తర్వాత మెల్లగా ఎత్తుకుంది. పల్లవి పాడింది. చరణాలు పాడింది. ఎక్కడా ఒక్క మాట పోలేదు. కాశీం మూట పట్టుకుని నిలబడే విన్నాడు. తన పాట ఇంకొకరి గొంతులో అతనెప్పుడూ వినలేదు.

ఆఖరి చరణంలో 'జ్యోతి పోయి జ్యోతిలో కలిసెనన్నా' అన్న చోట ఆమె గొంతు ఆగింది. మళ్ళీ ఎత్తుకుంది. మళ్ళీ అక్కడే ఆగింది.

"ఈడికొచ్చేసరికి ముందుకు పోలేకుండా ఉండా స్వామీ," అంది. "పొద్దున్నుంచీ పాడుకుంటానే ఉండా."

"పొద్దున్నుంచీనా?" అన్నాడు కాశీం.

"మరిచిపోదామంటే పోతే గదా నాయనా. ఆ పిల్లోణ్ణి నేను చూసింది లేదు. ఎట్లుంటాడో అని పాటంతా వెతుకుతాండా. దీపం కనపడతాండాది గానీ, వాడు కనపడల్యా."

"దీపం మాదిరి ఏమీ ఉండడు వాడు!" కాశీం గొంతు లేచింది. "నల్లగా, బక్కగా ఉంటాడు. నీళ్ళంటే చచ్చేంత భయం. ఏరు దాటేటప్పుడు నా చొక్కా కొస పట్టుకునేవాడు. ఒడ్డుకొచ్చినా వదిలేవాడు కాదు. ఎన్నిసార్లు కసిరినానో..."

మాట తెగిపోయింది. ఓబులమ్మ వలుస్తున్న కాయ చేతిలోనే ఉండిపోయింది.

కాశీం అరుగు మీద కూలబడ్డాడు. తమ్ముడు పోయినప్పటి నుంచి నలుగురిలో ఏడవనివాడు వెక్కి వెక్కి ఏడ్చాడు. ఓబులమ్మ జరిగి అతని పక్కన కూర్చుంది.

చాలాసేపటికి అతనే గొంతు సవరించుకుని ఆఖరి చరణం ఎత్తుకున్నాడు. ఈసారి అందులో జ్యోతి లేదు. ఒక పిల్లవాడు అన్న చొక్కా పట్టుకుని ఏరు దాటుతున్నాడు. ఓబులమ్మ గొంతు కలిపింది. మిగతా ఇద్దరూ కలిపారు. ఎవరూ ఎక్కడా ఆగలేదు.

అందరూ లేచి వెళ్ళాక కాశీం అడిగాడు.

"ఆ చరణం కుదరలేదని మీకు నిన్ననే తెలుసా స్వామీ?"

"తెలుసు."

"మీరే చెప్పుంటే నాకింత కోపం వచ్చేది కాదు గదా?"

స్వామి ఒళ్ళోని పొట్టు దులుపుకున్నాడు.

"నేను చెప్పుంటే దండం పెట్టి ఊరుకునేవాడివి," అన్నాడు. "ఆమెతో పోట్లాడినావు."