బూరుగుకు గోళ్లెన్ని?

అనగనగా అన్నానంటే మీరు ఊఁ అనాలి. ఊఁ కొట్టనివాళ్లకు ఈ కథలో కుక్కపిల్ల కనిపించదు. కొట్టారా? అయితే వినండి.

చంద్రవంక అనే రాజ్యం ఉండేది. ఆ రాజ్యంలో ఏనుగులూ ఉండేవి, కుక్కపిల్లల మెడ దగ్గర చర్మం కింద పెట్టే బియ్యపు గింజంత చిప్పులూ ఉండేవి. రాజుల కాలంలో చిప్పులేమిటని అడక్కండి. చిలకలు మాట్లాడితే నమ్మే మీరు చిప్పును నమ్మలేరా?

ఆ రాజధానిలో పూటకూళ్ల అలివేలమ్మ బాటసారులకు వండి వడ్డించేది. ఆమె చేతి పులుసు తిన్నవాడు మళ్లీ ఆ ఊరు రాక మానడు. ఆమె చేత మాటపడ్డవాడు మళ్లీ భోజనానికి ఆలస్యంగా రాడు. పిల్లాజెల్లా లేని ఆ ఇంటికి ఒకనాడు పిడికెడు కుక్కపిల్ల వచ్చింది. చిన్న జాతి కుక్కలను పెంచే సోమన్న దగ్గర కొనుక్కుంది. ఒళ్లంతా తెల్లటి పొడుగు బొచ్చు. పగిలిన బూరుగుకాయలా ఉందని దానికి బూరుగు అని పేరు పెట్టింది.

మర్నాడే పిల్లను చంకనెత్తుకుని పశువైద్యుడు విరూపాక్షయ్య దగ్గరికి వెళ్లింది. ఆయన చిప్పు చదివే పనిముట్టును పిల్ల మెడ మీద తిప్పాడు.

"అమ్మా, చిప్పు ఉంది. కానీ దాని అంకెకు ఎదురుగా ఇంకా సోమన్న పేరే ఉంది. మీ పేరూ ఇల్లూ చెప్పండి, ఇప్పుడే మార్పిస్తాను. తప్పిపోయిన పిల్లకు చిప్పు మీ ఇంటి దారి చెప్పాలి గానీ, అమ్మినవాడి ఇంటి దారి చెబితే ఏం లాభం?"

"బాగానే చెప్పారు. ఇది ఆషాఢం కాదూ? శూన్యమాసంలో ఎవరైనా కొత్తగా పేరు రాయిస్తారా? శ్రావణం రానివ్వండి," అంది అలివేలమ్మ.

అలివేలమ్మతో వాదించి గెలిచినవాడు ఆ ఊళ్లో లేడు. వైద్యుడు మాట మార్చి పెంపకం గురించి చెప్పాడు. "రోజూ దువ్వాలి. చెవుల వెనకా, చంకల కిందా బొచ్చు ముందుగా ముడిపడుతుంది, అక్కడ మరీ జాగ్రత్త. స్నానానికి ముందే చిక్కులు తీయాలి, తడిస్తే ముడి బిగుసుకుంటుంది. రోజూ నీళ్లు పోయకండి, చర్మం పాడవుతుంది. కళ్ల కింద తడిగుడ్డతో తుడవండి. గోళ్లు కొసలు మాత్రమే తీయాలి, లోపలి ఎర్ర జీర తగిలితే నెత్తురొస్తుంది. అన్నిటికంటే ముందు, పాదాలు పట్టుకుంటే ఊరుకోవడం ఇప్పటినుంచే అలవాటు చేయండి."

ఇదంతా అలివేలమ్మ తు.చ. తప్పకుండా చేసింది. పొరుగమ్మ వచ్చి, "కుంకుడు పులుసుతో రోజూ తలంటు పొయ్యి, నిగనిగలాడుతుంది," అంటే, "నీ తలకు పోసుకో," అని పంపేసింది. మరొకామె, "శుక్రవారం పూట గోళ్లు తీస్తున్నావా," అని బుగ్గలు నొక్కుకుంటే, "కుక్కకు వారమూ వర్జ్యమూ ఏమిటి," అంది. చూశారా చోద్యం. దువ్వెనకు అడ్డురాని పంచాంగం పేరు మార్పుకు మాత్రం అడ్డొచ్చింది. మనుషులంతే.

మొదట్లో బూరుగు దువ్వెనను కొరికేది. తర్వాత నాకేది. ఆ తర్వాత దువ్వుతుంటే ఒళ్లోనే నిద్రపోయేది. అలివేలమ్మకు ఆ పిల్ల లేని పొద్దు పొద్దే కాకుండా పోయింది.

ఇంతలో ఆషాఢ జాతర వచ్చింది. వీధిలో డప్పులు ఒక్కసారిగా మోగేసరికి బూరుగు బెదిరి, తెరిచిన తలుపులోంచి దూకి జనంలో కలిసిపోయింది. అలివేలమ్మ పొయ్యి ఆర్పి ఊరంతా తిరిగింది. ఎంత పిలిచినా పిల్ల జాడ లేదు. వారం పైగా ఆ ఇంట్లో పులుసు కాగలేదు.

చివరికి ఒకనాడు ముత్యాల వర్తకుడు మణికంఠుడి పల్లకీలో బూరుగు కనబడింది. మెడలో పాత పట్టీ లేదు, ముత్యాల పట్టీ ఉంది. "నా పిల్ల," అని అలివేలమ్మ పల్లకీకి అడ్డం పడింది. "నీదేమిటి, నాదే," అన్నాడు వర్తకుడు. మర్నాడు అతను ఓడెక్కి దీవులకు పోతున్నాడు. పిల్ల ఆ ఓడెక్కితే ఇక దాన్ని చూడడం కల్ల. అలివేలమ్మ అలాగే పరుగున పోయి రాజుగారి కొలువులో మొర పెట్టుకుంది.

రాజు ధీరసింహుడు ఇద్దరినీ, పశువైద్యుణ్ణీ పిలిపించాడు. "పిల్లను నడుమ వదలండి. ఎవరు పిలిస్తే వెళ్తుందో చూద్దాం," అన్నాడు.

"బూరుగూ," అంది అలివేలమ్మ. పిల్ల తోకాడిస్తూ సగం దూరం వచ్చింది. మణికంఠుడు జేబులోంచి పాలకోవా తీశాడు. పిల్ల ఠక్కున అటు తిరిగింది. దాన్నేం అనకండి. పాలకోవా చూపిస్తే మీరైనా అంతే.

"చిప్పు చూడండి," అన్నాడు రాజు. విరూపాక్షయ్య పనిముట్టు తిప్పాడు. సోమన్న పేరు వచ్చింది. "అలివేలమ్మ తెచ్చిన పిల్లకూ సోమన్న పేరే ఉంది ప్రభూ, కానీ ఆ అంకె నేను రాసుకోలేదు, ఇది ఆ పిల్లేనని చెప్పలేను," అన్నాడు వైద్యుడు.

"అవును ప్రభూ, సోమన్న దగ్గరే కొన్నాను. పేరు మార్పించడానికి తీరిక చిక్కలేదు," అన్నాడు మణికంఠుడు, వాటంగా. సోమన్ననే అడుగుదామంటే ఆయన తీర్థయాత్రలకు పోయాడు, ఎప్పుడొస్తాడో తెలియదు.

 ఆ వేళ ఒక్క మాట చెప్పి ఉంటే ఈ పాటికి పిల్ల ఇంట్లో ఉండేది కదా అని అలివేలమ్మ తనను తాను తిట్టుకుంది. కానీ ఏడుస్తూ కూర్చునే మనిషి కాదు ఆవిడ. కొంగు బిగించి లేచింది.

"ప్రభూ, పేరు మార్పించకపోవడం నా తప్పే. వైద్యులుగారు చెప్పినా ఆషాఢమని ఆగాను. పేరు నాది లేకపోయినా దీన్ని పెంచిన చెయ్యి నాది. ఒక్క ప్రశ్న అడగనివ్వండి."

"అడుగు," అన్నాడు రాజు.

"అయ్యా మణికంఠుడుగారూ, దీని గోళ్లు తీస్తున్నారా?"

"నేనే స్వయంగా తీస్తాను."

"మరైతే బూరుగుకు గోళ్లెన్ని?"

మణికంఠుడు నవ్వాడు. "ఇదీ ఒక ప్రశ్నేనా? కాలికి నాలుగు. నాలుగు కాళ్లకు పదహారు."

"పద్దెనిమిది ప్రభూ," అంది అలివేలమ్మ. "ముందు కాళ్లు రెండింటికీ పాదానికి పైన, లోపలి వైపు, బొటనవేలిలా ఒక్కో గోరుంటుంది. బొచ్చు కప్పేసి పైకి కనబడదు. నేలకు తగలదు గనుక అరగదు. తీయకపోతే మెలి తిరిగి మాంసంలోకి దిగుతుంది."

అంటూ నేల మీద కూర్చుని అరచెయ్యి చాపింది. ఎవరూ పిలవలేదు, ఎవరూ కోవా చూపించలేదు. బూరుగు వచ్చి ఆమె ఒళ్లో పడుకుని, ముందు కాలు ఎత్తి ఆమె చేతిలో పెట్టింది. అలివేలమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి.

విరూపాక్షయ్య బొచ్చు విడదీసి చూశాడు. గోరు కొస తీయక పెరిగి, లోపలికి వంగడం మొదలైంది. చెవుల వెనక బొచ్చు ముడులు కట్టి ఉంది. "ఇన్నాళ్లుగా దీన్ని దువ్విన చెయ్యి లేదు ప్రభూ," అన్నాడు.

మణికంఠుడు మెల్లగా వాకిలి వైపు జరిగాడు.

"పిల్ల అలివేలమ్మది," అన్నాడు రాజు. "వర్తకుడా, నీ ఓడ ఆగుతుంది. ఏడాదిపాటు మా కోట కుక్కలన్నిటినీ నువ్వే దువ్వు. గోళ్లు లెక్కపెట్టడం అదే వస్తుంది. అలివేలమ్మా, నీ తెలివి మెచ్చాను. కానీ ఈ లోపల సోమన్న వచ్చి నాదే అని ఉంటే నేనేం చేసేవాణ్ణి?"

అలివేలమ్మ తల వంచుకుంది. వైద్యుడి వైపు తిరిగి, "నా పేరు రాయించండి," అంది.

"ఇవాళ మంగళవారం, పైగా అమావాస్య," అన్నాడు ఆస్థాన పురోహితుడు.

"పిల్ల పోయిన నాడు నేను తిథి చూసుకుని ఏడ్చానా స్వామీ? రాయించండి వైద్యులుగారూ, ఇప్పుడే."

రాయించాక పిల్లను ఎత్తుకుని ఇంటికి పోయింది. ఆ రాత్రి చాన్నాళ్లకు ఆ వీధిలో పులుసు వాసన వచ్చింది.

ప్రేమించిన ప్రాణికి చేయాల్సింది ఏ రోజుది ఆ రోజే చేయాలి. రక్షణకు ముహూర్తం అక్కర్లేదు.