నేరం తెలిపే నెమలి ఈక

ఒకానొక రాజ్యంలో, దాని పేరు పైడికొండ అనుకుందాం, ఉద్దండవర్మ అని ఒక మహారాజు ఉండేవాడు. మంచివాడే నాయనా, చెడ్డవాడు కాడు. కాకపోతే తన మీసం మీదా, ఆస్థాన పండితుడు కుప్పాభట్టు మాట మీదా ఆయనకు గురి కాస్త ఎక్కువ. మీసానికి రోజూ నూనె రాసేవారు. భట్టుకు రోజూ సంభావన ఇచ్చేవారు.

ఆ రాజుగారికి ముప్పై ఏళ్ళుగా క్షౌరం చేసేవాడు ఓబన్న. ఆ వంశంలో ఒక ఆచారం ఉండేది. రాజు ముఖాన కత్తి పెట్టిన చెయ్యే ఆ పని ముగించాలి. సగంలో చెయ్యి మారితే రాజ్యానికి అరిష్టం. సగం గడ్డంతో సింహాసనం ఎక్కడం అంతకన్నా అరిష్టం.

ఒక బుధవారం పొద్దున ఓబన్న కుడిచెంప పూర్తిచేసి, కత్తి తుడుచుకుని ఒక్క క్షణం ఆగాడు. ఎప్పుడూ కళ్ళు మూసుకుని కూర్చునే రాజు ఆవేళ ఎందుకో కళ్ళు తెరిచి అద్దంలోకి చూశాడు. ఓబన్న చెయ్యి గడగడా వణుకుతోంది!

పక్కనే పంచాంగం చదువుతున్న కుప్పాభట్టు ఎగిరి లేచాడు.

"ప్రభూ, జరగండి! వీడు ద్రోహి! నేరం లేని చెయ్యి నిశ్చలంగా ఉంటుంది. మనసులో పాపం ఉంటేనే చెయ్యి వణుకుతుంది. తమరి గొంతు కోయబోయి, ధైర్యం చాలక వణుకుతున్నాడు!"

"దొరా, అట్టాంటిదేం లేదు దొరా..." అన్నాడు ఓబన్న. భయంతో చెయ్యి ఇంకా ఎక్కువ ఊగింది.

"చూశారా, ఇంకా పెరిగింది!" అన్నాడు భట్టు.

"సభ పిలిపించండి. మధ్యాహ్నం లోపల వీడి తల తీయించాలి," అన్నాడు రాజు.

సభ నిండింది. రాజు సింహాసనం ఎక్కకూడదు కదా, ఉత్తరీయం ఎడమ చెంపకు అడ్డం పెట్టుకుని దాని పక్కనే నిలబడ్డాడు. పంటి నొప్పి వచ్చినవాడిలా ఉన్నాడు. నవ్వడానికి ఎవరికి గుండెలున్నాయి? ఓబన్నను తెచ్చి నడుమ నిలబెట్టారు. తలారి గుమ్మం దగ్గర సిద్ధంగా ఉన్నాడు.

అప్పుడు లేచాడు పేరిశాస్త్రి. ఆస్థానంలో హాస్యం చెప్పి పొట్ట పోసుకునే బ్రాహ్మడు. రోజూ స్వామికి దణ్ణం పెట్టుకుని, "ఇవాళ ఎవరినైనా నవ్వించనీ, ఎవరినీ ఏడిపించకు," అని అడిగి బయల్దేరేవాడట.

"మహాప్రభూ, భట్టుగారి శాస్త్రం విని ఒళ్ళు పులకరించింది. ఇంత గొప్ప శాస్త్రాన్ని ఒక్క ఓబన్న మీద ఖర్చుపెడితే ఏం బాగుంటుంది? సభ మొత్తానికి పరీక్ష పెడదాం. రాజ్యంలో ద్రోహులందరూ భోజనాల వేళకి దొరికిపోతారు."

"ఎలా?" అన్నాడు రాజు. ద్రోహులంటే ఆయనకు చెవులు నిక్కబొడుచుకుంటాయి.

శాస్త్రి పక్కనున్న సేవకుడి విసనకర్రలోంచి నిలువెత్తు నెమలి ఈక ఒకటి లాగాడు. "చెయ్యి బారుగా చాచి, దీని మొదలు రెండు వేళ్ళతో పట్టుకోవాలి. నేరం లేకపోతే కొసనున్న కన్ను కదలదు. ఏం భట్టుగారూ, శాస్త్రసమ్మతమేనా?"

"నూటికి నూరుపాళ్ళూ!" అన్నాడు భట్టు, తన శాస్త్రానికి సభలో ఇంత గౌరవం దక్కినందుకు పొంగిపోతూ.

ముందు సేనాపతి పట్టుకున్నాడు. ఏనుగును ఆపిన చెయ్యి! ఈక కొస సన్నగా అల్లాడింది. మంత్రిగారి చేతిలో ఇంకాస్త అల్లాడింది. తర్వాత భట్టు వంతు.

"గాలి!" అన్నాడు భట్టు, ఈక ఊగగానే.

తలుపులు మూశారు. వింజామరలు ఆపారు. అయినా ఊగింది. భట్టు పళ్ళు బిగించి, పిడికిలి బిగించాడు. బిగించేకొద్దీ ఆ కన్ను నాట్యమే చేసింది.

"చేతకానివాళ్ళు!" అని రాజు ఈక లాక్కున్నాడు. "ఇది చెయ్యి కాదు, కొండ. చూడండి."

అందరూ చూశారు. కొండ కదిలింది నాయనా! ఈక కొసన కన్ను సభనంతా పలకరిస్తున్నట్టు తల ఊపింది.

పేరిశాస్త్రి గంభీరంగా సేనాపతి వైపు తిరిగాడు.

"సేనాపతీ, ఏలినవారిని బంధించండి. ఏలినవారి మీద ఏలినవారే కుట్ర పన్నుతున్నారు!"

"శాస్త్రీ!" అని గర్జించాడు రాజు. "నేనేం పాపం చేశాను? ఇది ఎందుకు ఆడుతోంది?"

"ప్రాణం ఉంది కనక ప్రభూ. లోపల గుండె కొట్టుకుంటోంది, ఊపిరి ఆడుతోంది, కండ బరువు మోస్తోంది. బతికున్న ప్రతి చెయ్యీ ఆ మాత్రం ఆడుతుంది, మనకి కనపడదంతే. బొత్తిగా కదలని అభయహస్తం గర్భగుడిలో స్వామి ఒక్కడిదే."

రాజు తన చేతినీ, ఓబన్న చేతినీ మార్చి మార్చి చూశాడు. మూర్ఖుడేం కాడు. "సరే, నాది రవ్వంత. వీడిది చెట్టు ఊగినట్టు ఊగుతోందే?"

"ఆ సంగతి ఓబన్ననే అడగండి. ఇందాకటి నుంచీ అందరం వాడి చేతి గురించి మాట్లాడాం గానీ, వాణ్ణి ఎవరం అడగలేదు."

ఓబన్న గొంతు సవరించుకున్నాడు. "మూడేళ్ళాయె దొరా. ముందు బొటనవేలు మొదలుబెట్టింది, నశ్యం నలిపినట్టు. నేను ఆడించేది గాదు, అదే ఆడుతాది. చెయ్యి ఊరకుంటే వణుకుతాది. కత్తి తీసుకొని చెంప కాడికి పోతే నిలబడతాది. నిద్రలో ఉండదంట, మా ఆడది చెప్పె. నలుగురు గుడ్లురిమి చూస్తే మాత్రం ఎక్కువైపోతాది. పని తీసేస్తారని తుండుగుడ్డ కింద దాచుకుంటా వచ్చినా. అదొక్కటే నా తప్పు."

"విన్నారా ప్రభూ? ఇది పాపం కాదు, వ్యాధి. దీన్ని చూడాల్సింది వైద్యుడు, తలారి కాదు," అన్నాడు శాస్త్రి.

"మాటలకేం! ఆ చేతి కింద గొంతు పెట్టేదెవరు?" అని అడ్డుపడ్డాడు భట్టు.

"నేను," అని శాస్త్రి అక్కడే చాప మీద బాసింపట్టు వేసుకుని గడ్డం పైకెత్తాడు. "రా ఓబన్నా. నా మెడ ఒక్కటే ఉంది, చూసుకుని చెయ్యి."

"అయ్యవారూ, మీరు మాట్టాడకుండా ఉండగలిగితే చాలు," అన్నాడు ఓబన్న.

ఓబన్న కత్తి తీశాడు. చెయ్యి ఊగుతోంది. చెయ్యి శాస్త్రి చెంప దగ్గరికి వచ్చింది... ఆగింది. నీళ్ళ మీద ఆకు నిలిచినట్టు నిలిచింది. చెంప, గవద, గొంతు, అన్నీ అయ్యాయి. ఒక్క గాటు లేదు. కత్తి కిందపెట్టి చెయ్యి ఒళ్ళో పెట్టుకోగానే మళ్ళీ మొదలయింది నశ్యం నలపడం!

రాజు అది చూశాడు. తన దగ్గరున్న ఈకను మళ్ళీ భట్టు చేతిలో పెట్టాడు, అది మళ్ళీ అల్లాడింది. "భట్టూ, నీ పాపం ఇంకా తీరలేదయ్యా!" అని పకపకా నవ్వడం మొదలుపెట్టాడు. ఉత్తరీయం జారిపోయింది. సగం గడ్డం చూసి సభ అంతా నవ్వింది. ఆయన ఇంకా నవ్వాడు.

నవ్వుతూనే పీట మీద కూర్చుని, "రా ఓబన్నా, ముగించు," అన్నాడు.

ఓబన్న కత్తి పట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు. ఎంతసేపటికీ మొదలుపెట్టడు.

"ఏం, చెయ్యి ఆగలేదా?" అని అడిగాడు రాజు.

"నా చెయ్యి ఎప్పుడో ఆగింది దొరా. తమరి దవడ ఆగితే కత్తి పెడతా."

అంతే, ఆ క్షౌరం ఇంకో గడియ ఆలస్యమయింది.

తర్వాత రాజు పేరిశాస్త్రి మెళ్ళో తన ముత్యాలహారం వేశాడు. ఓబన్నకు రాజవైద్యుణ్ణి చూపించాడు. చెయ్యి ఆడినంత కాలమూ నీ చెయ్యే నా ముఖాన, అని మాట ఇచ్చాడు. అప్పటినుంచి పైడికొండలో ఎవరి చెయ్యైనా వణికితే "ఏం చేశావురా?" అని అడగడం మానేశారట. "ఆ చెంబు ఇలా ఇయ్యి, నేను పట్టుకుంటా," అనేవారట.

ఆ మాట చెప్పిన నోళ్ళనూ, ఆ చెంబు అందుకున్న చేతులనూ, ఓపిగ్గా విన్న మిమ్మల్నీ స్వామి చల్లగా చూచుగాక!