గుమ్మడికాయకు సీటు, జాజికి తొట్టి

అనగనగా ఒక ఏటిగట్టు. ఆ గట్టు పొడుగునా ఒక రోడ్డు. ఆ రోడ్డు మీద కొబ్బరికాయల గవరయ్య లారీ. లారీ అంటే పెద్దదేం కాదు పిల్లలూ. ముందు ఇద్దరు కూర్చునే క్యాబిన్, వెనక కప్పు లేని తొట్టి, అంతే.

ఆ తొట్టిలో కాయల గుట్ట. ఆ గుట్ట మీద జాజి అనే తెల్ల కుక్క. పట్టుకోవడానికి దానికి చేతులా? ఆనుకోవడానికి గోడా? ఏమీ లేదు. అలాగే నిలబడి సంతకు పోవాలి, అలాగే నిలబడి ఇంటికి రావాలి.

టీకొట్టు దగ్గర జనం లేచి మరీ చూసేవారు. "అబ్బ, గవరయ్య కుక్క! మహారాణిలా ఎలా నిలబడిందో చూడండి!" అని చప్పట్లు కొట్టేవారు. గవరయ్య మీసం మెలేసేవాడు.

మహారాణీట, మహారాణి! ఏ మహారాణినైనా కాయల గుట్ట మీద నిలబెట్టి ఊరేగిస్తారా? చప్పట్లు కొట్టినవాళ్లలో ఒక్కడికైనా దాని కాళ్లు వణకడం కనబడిందా? నాకు ఒళ్లు మండేది అక్కడే.

ఒకరోజు జాజి నోరు విప్పి అడిగింది. కథలో కుక్క మాట్లాడితే వింతేముంది లెండి.

"అయ్యా, పైన గాలి కొడుతోంది. నన్నూ లోపల కూర్చోబెట్టుకో. నీ పక్కన కూర్చునే అమ్మగారి కాళ్ల దగ్గర ముడుచుకుని పడుంటాను."

"నువ్వు లోపల దాక్కుంటే నా లారీని చూసేదెవరే?" అన్నాడు గవరయ్య.

ఆ రోజే ఎదురుగాలికి కొబ్బరి పీచు లేచి జాజి కంట్లో పడింది. సంత చేరేసరికి కన్ను వాచి మూతపడిపోయింది.

గవరయ్య భార్య అచ్చియ్యమ్మ. లారీలవాళ్ల ఇంట్లో పుట్టి పెరిగిన మనిషి. ఆమె జాజి కన్ను కడుగుతూ, "గాలికి పడిందండీ. రేపట్నుంచి లోపల కూర్చోబెడదాం," అంది.

"గాలీ లేదు, గీలీ లేదు. అంతమంది చూశారా, దిష్టి తగిలింది!" అని గవరయ్య జాజి బుగ్గన ఇంత కాటుక చుక్క పెట్టాడు. మర్నాడు మళ్లీ తొట్టిలోకే ఎక్కించాడు.

ఎండలు ముదిరాయి. సంతలో కాయలు దింపేశాక తొట్టి అడుగు రేకు పెనంలా కాలిపోయేది. ఖాళీ తొట్టిలో జాజి ఒక కాలు దించి ఒక కాలు ఎత్తుతూ ఇంటికొచ్చింది. టీకొట్టు దగ్గర జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. "చూడండ్రా, డాన్సు చేస్తోంది!"

డాన్సట! దాని అరికాళ్లు బొబ్బలెక్కాయి. అచ్చియ్యమ్మ వాటికి వెన్న రాస్తూ, "కళ్లుండే చూస్తున్నారా మీరు?" అని మొగుణ్ని అడిగింది.

"ఇది కాటుకతో పోయే దిష్టి కాదే," అన్నాడాయన. ఈసారి నిమ్మకాయా మిరపకాయలూ గుచ్చి జాజి మెడలో కట్టాడు.

ఆ తరవాతి ప్రయాణానికి జాజి మొండికేసింది. "పడిపోతానయ్యా. కాలవ లాకుల దగ్గర మలుపులో ప్రతిసారీ కాలు జారుతోంది."

"పడకుండా కడతాలే," అని గవరయ్య దాని మెడకు తాడేసి, ఆ తాడును తొట్టి కొక్కేనికి ముడేశాడు. అక్కడితో ఆగాడా? దిష్టి మొత్తం వదిలిపోవాలని, సంతలో కొట్టడానికి ఇంత బూడిద గుమ్మడికాయ తెచ్చాడు. దాన్ని క్యాబిన్లో పెట్టి, కింద తువ్వాలు మడతేసి, చుట్టూ బెల్టు బిగించాడు.

"మరి నేనెక్కడ కూర్చోను?" అంది అచ్చియ్యమ్మ.

"వెనకెక్కు. గుమ్మడికాయ దారిలోనే పగిలితే దిష్టికి పనికిరాదు."

విన్నారా? గుమ్మడికాయకు సీటు. పెళ్లానికీ కుక్కకీ తొట్టి!

లాకుల మలుపు వచ్చింది. గవరయ్య పాట పాడుకుంటూ జోరుగా తిప్పాడు. కాయలన్నీ ఒక్కసారిగా ఒకవైపుకు దొర్లాయి. అచ్చియ్యమ్మ తొట్టి అంచు పట్టుకుంది. జాజి ఏం పట్టుకుంటుంది? కాయలతో పాటు దొర్లి అంచు దాటి అవతల పడింది. పడకుండా కట్టిన తాడే ఉరితాడైంది. కాళ్లు నేలకందవు, ఊపిరి అందదు, లారీ ఆగదు.

అచ్చియ్యమ్మ వంగి ఒక చేత్తో జాజిని పొదివి పైకెత్తి పట్టుకుంది. రెండో చేత్తో క్యాబిన్ మీద దబదబా బాదింది. "ఆపండి! ఆపండీ!"

సీటు కోసం సణుగుతోందనుకుని గవరయ్య హారన్ కొట్టాడు.

అచ్చియ్యమ్మ చేతికందిన కొబ్బరికాయ తీసి, ఆయన పక్కనున్న సైడు అద్దానికేసి విసిరింది. అద్దం భళ్లున పగిలింది. అప్పుడు ఆగింది లారీ.

"నా అద్దం!" అంటూ దిగాడు గవరయ్య.

అచ్చియ్యమ్మ జాజిని తొట్టిలోకి లాగి తాడు విప్పింది. జాజి మెడంతా ఒరుసుకుపోయింది. అరవబోతే గొంతు రాలేదు. మెడలో నిమ్మకాయ మాత్రం చెక్కుచెదరలేదు.

"చూశావా దిష్టి బలం! గుమ్మడికాయ కొట్టేలోపే..." అన్నాడు గవరయ్య.

అచ్చియ్యమ్మకు ఒళ్లు తెలియని కోపం వచ్చింది. "మీ వెనకే ఒక ప్రాణం పోబోయింది. దిష్టి కాదండీ, ఇది మీ నిర్వాకం! తాళాలు ఇటివ్వండి. ఎక్కండి వెనక!"

జాజిని సీట్లో పడుకోబెట్టింది. గుమ్మడికాయ తెచ్చి మొగుడి చేతుల్లో పెట్టింది. తను స్టీరింగు ముందు కూర్చుంది.

తొట్టిలో గవరయ్యకు పీచు కళ్లల్లో పడింది. రేకుకు ఆనితే వీపు చురుక్కుమంది. తరవాతి మలుపు అచ్చియ్యమ్మ మెల్లగానే తిప్పింది. అయినా కాయలు దొర్లాయి, వాటితో పాటు గవరయ్యా దొర్లాడు. గుమ్మడికాయ వదిలేసి రెండు చేతులా అంచు పట్టుకున్నాడు. గుమ్మడికాయ రోడ్డు మీద పడి ముక్కచెక్కలైంది.

"ఆపవే తల్లీ!" అని క్యాబిన్ మీద ఒక్కటి కొట్టాడు. ఆమె వెంటనే ఆపింది.

అది సరిగ్గా టీకొట్టు ముందు. జనం లేచి చప్పట్లు కొట్టారు. "ఆహా, గవరయ్య మహారాజులా ఊరేగుతున్నాడ్రా!"

"ప్రాణం పోయినంత పనయిందిరా! మీకు నవ్వెలా వస్తోంది?" అని గవరయ్య ఏడుపు గొంతుతో అరిచాడు.

జాజి కిటికీలోంచి తల బయట పెట్టింది. "రోజూ నేనూ అదే అనుకునేదాన్నయ్యా," అంది బొంగురు గొంతుతో.

టీకొట్టు దగ్గర ఎవరూ నవ్వలేదు. గవరయ్య తల వంచుకుని వచ్చి, జాజి మెడలోని నిమ్మకాయ దండ తన చేత్తోనే తెంపేశాడు. ఆనాటి నుంచీ జాజి చోటు అచ్చియ్యమ్మ కాళ్ల దగ్గరే.

కాబట్టి పిల్లలూ, పెద్దలూ, మనం క్షణం నిలవలేని చోట మనల్ని నమ్ముకున్న ప్రాణిని నిలబెట్టకూడదు.