ఉప్పుకుప్పెక్కిన దాలమ్మ

అనగనగా సముద్రం పక్కన ఒక ఊళ్ళో ఒక ఉప్పుమడి, ఆ ఉప్పుమడికి ఒక ముసలమ్మ. పేరు దాలమ్మ. ఇటు తిరిగి పడుకో, చెబుతాను. నువ్వు ఊఁ కొట్టడం మానావంటే నేనూ చెప్పడం మానేస్తాను.

మొగుడు పోయాక దాలమ్మ ఆ మడిలోకి సముద్రపు నీళ్ళు పెట్టి, ఎండబెట్టి, ఉప్పు తీసి అమ్మి, కొడుకు సూరన్ననీ కూతురు గవరమ్మనీ పెంచింది. గవరమ్మ పక్క ఊరికి కాపరానికి వెళ్ళింది. సూరన్న పెళ్ళాం చిట్టెమ్మ. పిల్ల మంచిదే గాని, బొత్తిగా నోట్లో నాలుక లేదు.

ఒక ఏడు ఏమైందంటే, దాలమ్మ స్నేహితురాలు పోలమ్మకి జబ్బుచేసి మాట పడిపోయింది. ఆవిడ పిల్లలు చెడ్డవాళ్ళేం కారు. కానీ తల్లికి ఏం కావాలో ఒక్కడికీ తెలీదు. అందుకని ఒకడు ఇటు లాగాడు, ఇంకొకడు అటు లాగాడు. ఆవిడ ఉప్పుమడి అమ్మేశారు. మంచాన్ని ఊళ్ళు తిప్పారు. చివరికి ముక్కూమొహం తెలియనివాళ్ళ వసారాలో కన్నుమూసింది. ఏదో చెప్పాలని పోలమ్మ కళ్ళు కొట్టుకోవడం దాలమ్మ చూసింది. చూసినప్పటినుంచీ ఆవిడకి కంటిమీద కునుకు లేదు. నోరున్నప్పుడే నా మాట చెప్పేసుకోవాలి అనుకుంది.

అప్పుడు ఒక సాయంత్రం కొడుక్కి అన్నం పెడుతూ, "ఒరే సూరన్నా, నాకు నోరు పడిపోతే..." అని మొదలుపెట్టింది. వాడు ముద్ద వదిలేశాడు. "ఏటమ్మా ఆ మాటలు! సందేళ తథాస్తు దేవతలు తిరుగుతుంటారు!" అని కసిరాడు.

తథాస్తు దేవతలు తెలుసుగా? మన నెత్తిమీదే తిరుగుతూ, మనం ఏమంటే దానికల్లా 'తథాస్తు, అలాగే జరుగుగాక' అనేస్తారట. నువ్వు మొన్న 'నాకు జ్వరం రానీ, బడి మానేస్తాను' అంటే మీ అమ్మ నీ మూతి మీద కొట్టిందే, అందుకే.

ఆ తర్వాత దాలమ్మ కూతురి దగ్గరికి వెళ్ళింది. గవరమ్మ విననైనా వినకుండా తల్లి నోటికి చెయ్యి అడ్డం పెట్టి, గుప్పెడు ఉప్పు తెచ్చి దిష్టి తీసిపారేసింది. ఆ ఉప్పు కూడా దాలమ్మ మడిదే!

ఆ తర్వాత ఊరిపెద్ద దగ్గరికి వెళ్ళింది. ఆయన రెండు చెవుల్లో వేళ్ళు పెట్టుకుని లోపలికి పోయాడు. పేరుకి పెద్దమనిషి!

ఒకరోజు పొద్దున్న గంజి తాగుతుంటే దాలమ్మ చేతిలోంచి గిన్నె జారిపోయింది. వేళ్ళు బిగుసుకోలేదు. కాసేపటికి చెయ్యి మామూలైంది. చిట్టెమ్మ పరుగున వచ్చి, "ఏటి కావాలత్తా?" అంది. ఆ ఇంట్లో ఆ మాట అడిగేది ఆ పిల్ల ఒక్కతే.

ఇక ఆలస్యం చేస్తే లాభం లేదనుకుంది దాలమ్మ. ఆ సందెవేళే, ఊరంతా మడుల దగ్గర ఉప్పు కుప్పలు పోస్తుంటే, తన కుప్ప మీదికి ఎక్కి నిలబడింది.

"తథాస్తు దేవతల్లారా! ఉన్నారా? చెవులిటు పెట్టండి!" అని కేకేసింది.

అందరూ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. సూరన్న "వద్దమ్మా" అనబోయి నోరు మూసుకున్నాడు. దేవతలు దానికి తథాస్తు అంటే అమ్మే వద్దనుకున్నట్టు అవుతుందేమో!

అప్పుడు దాలమ్మ తన కోరికలు తీరిగ్గా చెప్పుకుంది. "నేనున్నన్నాళ్ళూ ఈ మడి నాదే. దీని ఉప్పు నా గంజికీ, నా మందుకీ. నా తర్వాత కొడుక్కీ కూతురికీ చెరిసగం. నాకు జబ్బుచేస్తే, లేపే మందు ఉన్నంతవరకూ ఇప్పించాలి. ఇక లేవదని వైద్యుడు చెప్పేస్తే మాత్రం, ఎక్కడికీ తిప్పకుండా సముద్రం వినబడే నా అరుగు మీదే పడుకోబెట్టాలి. నాకు మాట రాకపోతే, నా కోడలు చిట్టెమ్మ నోరే నా నోరు!"

ఊరి పిల్లలంతా ఒక్కసారే "తథాస్తు!" అని అరిచారు.

ఇంటికొచ్చాక చిట్టెమ్మ, "నావల్ల కాదత్తా. ఆయన ముందు నా నోరు పెగల్దు" అని ఏడ్చింది.

"నీ మాట ఎవడిక్కావాలే! నా మాట సెప్పు, చాలు" అంది దాలమ్మ.

వానలు పడ్డాయి. ఒక మధ్యాహ్నం దాలమ్మ మడిగట్టు మీద కూలిపోయింది. ఇంటికి తెచ్చేసరికి కుడివైపు చచ్చుబడింది, మాట లేదు. చెవులు మాత్రం అన్నీ వింటున్నాయి.

సూరన్న భయంతో బుర్ర పోగొట్టుకున్నాడు. అదే అదునుగా ఉప్పు షావుకారు వచ్చి కూర్చున్నాడు. "పట్నం తీసుకెళ్తే మీ అమ్మ లేచి పరిగెడుతుంది. ఖర్చు నాది. మడి నాకు రాసిచ్చెయ్" అన్నాడు. గవరమ్మ బండి కట్టించుకొచ్చి, "పట్నం లేదు, ఏటీ లేదు. అమ్మని మా ఊరు తీసుకుపోతాను" అని మంచం కోడు పట్టుకుంది. ఒకరు ఇటు, ఒకరు అటు. అచ్చం పోలమ్మకి జరిగినట్టే.

షావుకారు కాగితం తీశాడు. సూరన్న ఏడుస్తూనే తల్లి బొటనవేలు పట్టుకుని సిరాలో అద్దాడు. దాలమ్మ వేలు వెనక్కి లాక్కోవాలని చూసింది. రాలేదు. అరవాలని చూసింది. రాలేదు. కళ్ళు గుమ్మం వైపు తిప్పింది.

గుమ్మంలో గంజి గిన్నె పట్టుకుని చిట్టెమ్మ నిలబడి ఉంది. పెదవులు కదులుతున్నాయి, మాట లేదు. వేలు కాగితం దగ్గరికి వెళ్తోంది. ఇంకా దగ్గరికి వెళ్తోంది.

"ఒరే సూరన్నా! నా వేలు వదులు!"

ఎవరనుకున్నావు? చిట్టెమ్మే! కట్టుకున్న మొగుణ్ణి పట్టుకుని ఒరే అంది! సూరన్న చేతిలోంచి వేలు జారిపోయింది.

"మడి నాది. ఎవడికీ రాయను. గవరమ్మా, మంచం వదులు. ముందు వైద్యుణ్ణి పిలవండి, నాకు మందుందో లేదో ఆయన్ని అడగండి" అంది చిట్టెమ్మ. ఒళ్ళంతా వణుకుతూనే ఉంది గాని మాట మాత్రం వణకలేదు.

దాలమ్మని చూడ్డానికొచ్చి అరుగు దగ్గర నిలబడ్డ జనం, "ఔను, దాలమ్మ ఇదే కోరింది, మేం విన్నాం" అన్నారు. షావుకారు కాగితం మడిచి చంకలో పెట్టుకుని వానలోనే పోయాడు.

సూరన్న తల్లి కాళ్ళ దగ్గర కూలబడి, "నీకేటి కావాలమ్మా?" అని అడిగాడు. పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. దాలమ్మ కంట్లోంచి నీళ్ళు జారాయి.

వైద్యుడు మందుందన్నాడు. ఉప్పు అమ్మి మందు ఇప్పించారు. దాలమ్మకి మాట రాలేదు గాని లేచి కూర్చుంది. చాలా కాలం గంజి తాగుతూ, ఉప్పు కుప్పలు చూసుకుంటూ బతికింది. సూరన్న మొండికేసినప్పుడల్లా చిట్టెమ్మ, "మీ అమ్మలా మాట్లాడమంటావా?" అనేది. వాడు గప్‌చుప్!

ఆ తర్వాత ఒకనాడు వైద్యుడు ఇక లేవదన్నాడు. ఎవరూ ఎవరితోనూ పోట్లాడుకోలేదు. మంచం అరుగు మీద వేశారు. కొడుకు ఒక చెయ్యి, కూతురు ఒక చెయ్యి పట్టుకున్నారు. చిట్టెమ్మ తల నిమురుతుంటే, దాలమ్మ సముద్రం చప్పుడు వింటూ కళ్ళు మూసుకుంది.

ఏడవకు, నాన్నా. ఆవిడ కోరుకున్నట్టే జరిగింది. రేపు సందెవేళ నువ్వూ నన్ను ఒక మాట అడుగు, 'అమ్మమ్మా, నీకేం కావాలి?' అని. చెబుతాను. మీ అమ్మ కసిరినా నువ్వు విను.

కథేమో కంచికి, ఉప్పేమో కుండకి,
నువ్వేమో నిద్రకి, నేనేమో నీ పక్కకి.