ఉప్పు తెలియని వంటావిడ

అది మాఘమాసం, బహుళ పంచమి, గురువారం. గోడ గడియారం పగలు పదకొండు కొట్టింది. అనగనగా ఏటి ఒడ్డున ఒక ఊరు, ఆ ఊళ్ళో ఒక మేడ. ఆ మేడ వంటింట్లో పేరిందేవి అనే వంటావిడ, పొయ్యి మీద కాగే చారు గరిటెతో తీసి, అరచేతిలో వేసుకుని నోట్లో పోసుకుంది.

ఉప్పు తెలియలేదు.

మళ్ళీ పోసుకుంది. పులుపూ తెలియలేదు. అప్పుడు ఒక మిరియపు గింజ కొరికి చూసింది. నాలుక మండింది కానీ రుచి మాత్రం లేదు. వేణ్ణీళ్ళు మింగినట్టుంది, అంతే.

ఊఁ కొడుతున్నావా తల్లీ? కొట్టు. నువ్వు ఊఁ అంటేనే కథ నడుస్తుంది.

పేరిందేవి మొదటినుంచీ అలా ఉండేది కాదమ్మా. వాళ్ళమ్మ దగ్గర వంట నేర్చుకుంది. ఉప్పు గుప్పిట్లోకి తీసుకుంటే, గుప్పిటే చెప్పేది ఇంత చాలని. భర్త జబ్బు చేసి పోయాడు. చంకలో ఆండాళు అనే చిన్నపిల్ల మిగిలింది. అప్పుడు ఆ మేడలో వంటకు కుదురుకుంది. మేడ యజమానురాలు భూషణమ్మగారు.

భూషణమ్మగారు గొంతు పెంచేది కాదు. చెయ్యి చేసుకునేదీ కాదు. విస్తరి ముందు కూర్చుని, మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, ఆగేది. అంతే. ఆ ఆగడం చూసేసరికి తలుపు వెనక పేరిందేవి తనేం తప్పు చేసిందో వెతుక్కునేది.

ఒకనాడు, "ఉప్పు నీకు ఊరికే వస్తోందా పేరిందేవీ?" అంది. సరేనని మర్నాడు తగ్గించి వేసింది. "నిన్న అన్నానని ఇవాళ కక్ష తీర్చుకున్నావా?" అంది. మూడోనాడు అమ్మ నేర్పిన కొలతకే వేసింది. భూషణమ్మగారు విస్తరంతా ఖాళీ చేసి, చెయ్యి కడుక్కుని, "ఇవాళ ఎవరు వండారు? నువ్వయితే కాదు" అంది.

చుట్టాలొచ్చి గుత్తొంకాయ కూర మెచ్చుకుంటే, "నేను పక్కన నిలబడి ప్రతిదీ చెబితే కానీ చెయ్యి ఆడదండీ దానికి" అనేది. ఆ తర్వాత వంటింటి గుమ్మం దగ్గరికొచ్చి నెమ్మదిగా, "నేను కాబట్టి నెట్టుకొస్తున్నాను. బయట నిన్నెవరు గడప తొక్కనిస్తారే, పిచ్చిదానా?" అనేది. ఎంత ప్రేమగా అనేదంటే, పేరిందేవి నిజమేనని నమ్మింది.

నమ్మాక ఏమైంది? చెయ్యి వణకడం మొదలైంది. రెండుసార్లు రుచి చూసేది, నాలుగుసార్లు చూసేది. పొయ్యి మీద మరుగుతున్నది మరుగుతున్నట్టే నోట్లో పోసుకునేది. ఆండాళును పిలిచి, "ఉప్పు సరిపోయిందా చూడవే" అనేది. ఆ పిల్ల చారు చూసేది కాదు, తల్లి మొహం చూసేది. "నాకు తెలీదమ్మా" అనేది. అలా అలా, ఆ గురువారం నాటికి, పేరిందేవికి రుచే పోయింది.

అప్పుడు పేరిందేవి, ఆండాళుతోనైనా రుచి చూపిద్దామని, చారు గిన్నె పట్టుకుని పెరట్లోకి వెళ్ళింది.

పెరట్లో ఆండాళు లక్కపిడతలు పరుచుకుని ఆడుకుంటోంది. బుల్లి పొయ్యి, బుల్లి గిన్నె, బుల్లి గరిటె. ఎదురుగా ఒక చెక్కబొమ్మ. బొమ్మకు ఆకు వేసి, ఇసక అన్నం వడ్డించింది. ఆ తర్వాత లేచి, తనే వెళ్ళి బొమ్మ పక్కన కూర్చుంది. ఒక ముద్ద తిన్నట్టు పెదాలు కదిపింది. కదిపి, ఆగింది.

"మనసెక్కడ పెట్టి వండావే ఇవాళ?" అంది, నెమ్మదిగా.

అని, మళ్ళీ ఇటు వచ్చి గరిటె పట్టుకుంది. రెండు చెంపలూ టపటపా వాయించుకుని, "తప్పయిందమ్మగారూ, తప్పయిందమ్మగారూ" అంది. బుగ్గలు ఎర్రబడ్డాయి. ఆటే కదా, నవ్వాలి. ఆ పిల్ల నవ్వలేదు.

పేరిందేవి చేతిలో చారు చల్లారిపోయింది. తన నాలుక పోతే పోయింది, దానికి అలవాటు పడొచ్చు. కానీ ఇంకొన్నాళ్ళు ఈ ఇంట్లో ఉంటే బిడ్డ మనసు కూడా పోతుంది. అది తిరిగి రాదు. దేవుడే తన చెయ్యి పట్టుకుని ఈ పెరట్లోకి తెచ్చి చూపించాడనుకుంది.

అలాగని వంట మధ్యలో వదిలి పోలేదమ్మా. ఆకలితో కూర్చున్నవాళ్ళ ముందు విస్తరి ఖాళీగా ఉంచకూడదు, పగవాళ్ళయినా సరే. అందరికీ వడ్డించింది. గిన్నెలు తోమింది. పొయ్యి అలికింది. ఆ తర్వాత చేతులు కడుక్కుని భూషణమ్మగారి ముందు నిలబడింది.

"అమ్మగారూ, రేపటినుంచి నేను రాను."

భూషణమ్మగారు ముందు నవ్వింది. "ఎక్కడికే? నీకు తెలిసిన గుమ్మం ఇంకోటుందా?" అంది.

పేరిందేవి కొంగుతో తడి చేతులు తుడుచుకుంది. అప్పుడు భూషణమ్మగారు గొంతు మెత్తబరిచింది. "నా కూతురులాంటి దానివి. ఒక మాటన్నానే అనుకో, నీ మంచికే కదుటే?" అంది.

పేరిందేవి కళ్ళెత్తి చూసింది కానీ కదల్లేదు. అప్పుడింక కోపం దాచుకోలేక భూషణమ్మగారు, "పో! నీ చేతి కూడు ఏ నోటికీ సహించదు. చూస్తూ ఉండు" అంది.

పేరిందేవి దణ్ణం పెట్టింది. ఒక చేత్తో మూట, ఒక చేత్తో ఆండాళు. వెనక్కి తిరక్కుండా రేవు దగ్గరికి వెళ్ళి పడవెక్కింది. భయం లేదా అంటావా? లేకేం. పడవ ఏటి మధ్యకి వచ్చేదాకా ఆవిడ పళ్ళు టకటకా కొట్టుకుంటూనే ఉన్నాయి.

ఏటికి అవతల ఒక సత్రం ఉంది. అందులో వేణుగోపాలస్వామి చిన్న మందిరం. అక్కడ వండింది ముందు స్వామికి నైవేద్యం పెడతారు. ఆ తర్వాత దారిన పోయే బాటసారులకు వడ్డిస్తారు. అక్కడ వంట చూసే ముసలావిడ పేరు అచ్చమ్మ. అందరూ మామ్మగారనే పిలుస్తారు. చూపు మందగించి, ఆవిడ చేతికింద మనిషి కోసం ఎదురుచూస్తోంది.

పేరిందేవి అబద్ధం ఆడలేదు. "మామ్మగారూ, నాకు వంట వచ్చు. కానీ నాలుక చచ్చిపోయింది. ఉప్పు తెలీదు" అంది.

అచ్చమామ్మ, "ఇక్కడ నీ నాలుకతో పనేముందే అమ్మాయ్? స్వామి ఆరగించేదాకా మనం రుచి చూడకూడదు, వాసన కూడా చూడకూడదు. నలభై ఏళ్ళనుంచీ నేనూ తెలీకుండానే వండుతున్నాను. స్నానం చేసి రా" అంది.

అలా కుదురుకుంది.

మొదటిరోజు పేరిందేవి వండిన పప్పులో ఉప్పు చాల్లేదు. బాటసారులు ఉప్పు అడిగారు. పేరిందేవి తలుపు వెనక్కి వెళ్ళి, పిలుపు కోసం చెవులొగ్గి నిలబడింది. ఎవరూ పిలవలేదు. చివరికి తనే ఉండబట్టలేక, "ఏమీ అనరేం మామ్మగారూ? ఉప్పు తక్కువైంది కదా" అంది.

"తక్కువైంది. అడిగారు. వేశాను. తిన్నారు, లేచారు. ఇంకా ఏమనాలి?" అంది అచ్చమామ్మ.

రెండోరోజు అన్నం అడుగంటింది. అచ్చమామ్మ గిన్నె వంచి చూసి, "ఆ మాడు గీకి నాకు పెట్టవే. మజ్జిగలో నానేసుకుంటే భలేగా ఉంటుంది. నా చేతిలో ఎన్నడూ మాడి చావదు" అంది. పేరిందేవి ఆవిడ మొహంలోకి వెతుకుతున్నట్టు చూసింది. ఎక్కడైనా ముల్లు దాగుందేమోనని. లేదు.

ముల్లు లేకపోతే ఊరట కలగాలి కదా? కలగలేదమ్మా. భయం ఇంకా పెరిగింది. దెబ్బ తిని తిని ఉన్నవాళ్ళకి దెబ్బ పడకపోతే, ఇంకా పెద్దదేదో వస్తోందనిపిస్తుంది.

మూడోరోజు పులిహోర. చింతపండు పులుసు చిక్కబడింది, ఇంగువ పోపు ఘుమఘుమలాడింది, అన్నంలో కలిపింది. నైవేద్యానికి వేళవుతోంది. పేరిందేవికి చెమటలు పట్టాయి. ఉప్పు వేశానా? ఎక్కువైందా? అనుకుంటూనే, పాత అలవాటు చొప్పున, నాలుగు మెతుకులు తీసి నోట్లో వేసుకుంది.

వేసుకున్నాక తెలిసింది ఏం చేసిందో. స్వామి కంటే ముందు తను తినేసింది. గిన్నె ఎంగిలైపోయింది.

ఎవరూ చూడలేదు. అచ్చమామ్మకు కళ్ళు ఆనవు. ఆండాళు బయట పూలు ఏరుతోంది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. చెబితే, ఈ గుమ్మం కూడా పోతుంది. పిల్లను తీసుకుని ఎక్కడికి వెళ్ళాలి? అంతలోకి పూజారి ఆచార్యులుగారు పళ్ళెం పట్టుకుని రానే వచ్చారు.

పేరిందేవి గిన్నెకు అడ్డంగా నిలబడింది. "వద్దు స్వామీ. నేను రుచి చూశాను" అంది.

అని, తనకు తెలియకుండానే రెండు చేతులూ ఎత్తింది, చెంపలు వాయించుకోడానికి. అచ్చమామ్మ తడుముకుంటూ వచ్చి ఆ రెండు చేతులూ పట్టుకుంది. గట్టిగా పట్టుకుంది.

"ఈ చేతులు బియ్యం కడగాలి. మళ్ళీ ఎసరు పెట్టు" అంది.

ఆచార్యులుగారు గుమ్మంలోనే కూర్చున్నారు. "కానివ్వమ్మా. స్వామి ఇవాళ కాస్త ఆలస్యంగా భోంచేస్తాడు. మనకు ఎన్నిసార్లు ఆలస్యం కాలేదూ" అన్నారు. ఎంగిలైన పులిహోర రేవులో పడవవాళ్ళకు పంపించారు. వాళ్ళు వేళకు ముందే తిండి దొరికిందని సంబరపడ్డారట.

అప్పుడు పేరిందేవి మళ్ళీ స్నానం చేసి వచ్చింది. మళ్ళీ పొయ్యి వెలిగించింది. ఈసారి ఎవరి మొహమూ చూడలేదు. గుప్పిట్లోకి ఉప్పు తీసుకుని, కళ్ళు మూసుకుని, "గోపాలా, నీకేది ఇష్టమో నాకు తెలీదు. నా చేతికి తెలిసింది వేస్తున్నాను" అంది. వేసింది. చెయ్యి వణకలేదు.

స్వామి ఆరగించాడు. బాటసారులు తిన్నారు. ఆ తర్వాత అచ్చమామ్మ, పేరిందేవి, ఆండాళు ఒకే వరసలో కూర్చున్నారు. పేరిందేవి ముద్ద నోట్లో పెట్టుకుంది. ముందు పులుపు తగిలింది. దాని వెనకే ఉప్పు. ఆ వెనక ఇంగువ, కరివేపాకు, వేరుశనగపప్పు. ఒక్కొక్కటే, చాలాకాలానికి ఇంటికొచ్చిన చుట్టాల్లా వచ్చాయి. కళ్ళల్లోంచి నీళ్ళు విస్తట్లో పడుతుంటే తుడుచుకోలేదు.

పక్కన ఆండాళు ఉఫ్ ఉఫ్‌మంటూ నోరు తెరిచి ఊదుకుంటోంది. తల్లి మొహం వైపు చూడనన్నా చూడలేదు. "అమ్మా! ఇంత కారం ఎవరైనా వేస్తారే?" అని గట్టిగా అరిచింది.

పేరిందేవి నవ్వింది తల్లీ. పొలమారి, నెత్తి మీద తట్టుకుని, మళ్ళీ నవ్వింది. ఆండాళు తల్లి నవ్వు వినడం అదే మొదటిసారి. ముందు బిత్తరపోయింది, ఆ తర్వాత తనూ నవ్వింది.

ఏమిటీ? భూషణమ్మగారికి ఏ శిక్షా పడలేదా అంటావా? లేదమ్మా. ఆవిడ ఇంకో వంటావిణ్ణి పెట్టుకుంది. ఆ వంటావిడక్కూడా ఏరు దాటే ధైర్యం ఇవ్వమని పేరిందేవి రోజూ దీపం పెట్టేటప్పుడు అడిగేది. భూషణమ్మగారి మనసు చల్లబరచమని కూడా అడిగేది. నువ్వూ అడుగు. అడిగితే పోయేదేముంది?

ఇంక మర్నాడు పొద్దున్న ఏం జరిగిందో చెప్పేస్తాను, కళ్ళు మూసుకో.

మర్నాడు పొద్దున్నే పేరిందేవి పొయ్యి అలికి ముగ్గు పెట్టింది. ఆచార్యులుగారు ఏట్లోంచి బిందెతో నీళ్ళు తెచ్చారు. అచ్చమామ్మ నడవాలో కూర్చుని తడిమి తడిమి చింతపండులో గింజలు తీసింది. ఆండాళేమో పచ్చిమిరపకాయల బుట్ట ముందేసుకుని, కొన్ని ఇచ్చి, కొన్ని వెనక దాచేసింది. "ఇవాళ్టికి ఇవి చాలు" అంది. "చిత్తం అమ్మగారూ" అని పేరిందేవి అవే తరిగింది.

కథమ్మ కదిలింది కంచి దారికి,
కునుకమ్మ వాలింది కంటి రెప్పకి,
దణ్ణమ్ము పెట్టుకో గోపయ్యకి,
పదవమ్మ, మనమింక మన ఇంటికి.