అద్దాల దండోరా

కోటబురుజు మీద కొత్తగా పెద్ద అద్దాలు నిలబెట్టారు. ఇకపై వాటి తళుకులతోనే ఊళ్ళకు రాజాజ్ఞలు అందుతాయని మంత్రి నిండు కొలువులో మీసం మెలేశాడు.

"ఒరే ఎల్లమందా, నీ దండోరా రద్దయిందని ఊరూరా చాటిరా!"

ఎల్లమంద డప్పు నిమిరాడు. దాన్ని గడ్డిమంట మీద కాచే తండ్రి, చప్పుడు వినగానే పిండిచేతులతో వాకిట్లోకొచ్చే అమ్మలక్కలు కళ్ళముందు మెదిలారు.

"ఆ ముక్క అద్దాలతోనే చెప్పండి దొరా."

"తళుకుల అర్థం జనానికింకా తెలీదు కదరా!"

"మరి తెలిసేదాకా వాళ్ళకెవరు చెప్పాలి దొరా?"

రాజు నవ్వాడు. "రెండూ సాగనివ్వండి. అందరూ నేర్చుకున్నాక డప్పు మానేద్దువుగాని, ఎల్లమందా."

"అలాగే మహారాజా. ఆ కబురు మాత్రం అద్దాలతోనే పంపండి. మా వీధి ముసలమ్మలు చూసి నాకు చెబితే, డప్పు నేనే అటకెక్కిస్తాను."